ఛాంపియన్ ఒప్పుకున్నాడు

"ఒప్పుకున్నాడ్రా ఎజ్రా! ఛాంపియన్ నీతో టైటిల్ ఫైట్‌కి ఒప్పుకున్నాడు!" మేనేజర్ క్లైడ్ ఒప్పంద పత్రం ఊపుకుంటూ ఫిలడెల్ఫియా బాక్సింగ్ జిమ్ములోకి దూసుకొచ్చి, పత్రాన్నీ పెన్నునీ బల్ల మీద పెట్టాడు.

చేతులకి పట్టీలు చుట్టుకుంటున్న ఎజ్రా తలెత్తాడు. "తొమ్మిదేళ్లు నా పేరెత్తితేనే పారిపోయినోడు, ఇవాళెందుకు ఒప్పుకున్నాడన్నా?"

"మావాడు అరవై ఫైట్లు గెలిచాడని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. అందుకే ఈసారి రూటు మార్చా. నీకు ఎడమకన్ను పోయిందని ఓ అబద్ధం వాళ్ల చెవిన వేశా. గంటలో సంతకం పెట్టేశాడు, వెర్రి వెంగళప్ప!"

తన తెలివికి తనే మురిసిపోతూ క్లైడ్ పకపకా నవ్వాడు. ఎజ్రా నవ్వలేదు.

"ఫైటుకి ముందు డాక్టరు కళ్లు చూస్తాడుగా?"

"చూస్తే మనకేం? పోయిన నెలే కదా, చార్టులో అక్షరాలన్నీ గడగడా చదివేశావు!"

"చదవలేదన్నా. నా ముందువాళ్లు చదువుతుంటే తలుపు దగ్గర నిలబడి బట్టీ పట్టా."

క్లైడ్ నవ్వు ఆగిపోయింది. మెల్లగా పత్రం వెనక్కి తీసుకోబోయాడు. ఎజ్రా దాన్ని అరచేత్తో అదిమిపట్టాడు.

"ఉండనీ. రెండు కళ్లూ ఉన్నప్పుడు టైటిల్ ఫైట్‌కి ఒక్కడూ పిలవలేదు. పెన్నేదీ?"

"నీ ఎడమచేతి పక్కనే ఉంది కదరా!"

"కుడివైపు పెట్టన్నా."