ఎనిమిది గంటల మాత్ర

"ఏమండీ, ఎనిమిదైంది. మాత్ర వేసుకున్నారా?"

గోడవతలి నుంచి ఆడగొంతు వినిపించేసరికి ప్రూఫ్‌రీడరు ఉలిక్కిపడి మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆ పిలుపు తనకు కాదని వెంటనే తెలిసిపోయింది. ఆయన్ని అలా పిలిచే మనిషి ఎన్నడూ లేదు. పెళ్లి మాట ఎవరెత్తినా "ఈ పుస్తకం అచ్చుకెళ్లాక చూద్దాం" అనేవాడు. పుస్తకాలు అచ్చుకెళుతూనే ఉన్నాయి, ఈలోగా రిటైరయ్యాడు.

ఆస్పత్రి నుంచి వచ్చి ఒక్క రాత్రే గడిచింది. కిడ్నీకి ఇన్ఫెక్షన్ సోకి, ఒళ్లు పెనంలా కాలిపోయి, ఐదు రోజులు సెలైన్ సీసా కింద పడుకుని వచ్చాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ యాంటీబయాటిక్ మాత్రలు రాసి, జాగ్రత్తలన్నీ ఒక కాగితం మీద పెట్టిచ్చింది.

వచ్చీ రాగానే ఆ కాగితం పైకి చదివాడు. ముప్పై నాలుగేళ్లు అచ్చుతప్పులు దిద్దిన మనిషి. ఏదైనా కామాలతో సహా గొంతెత్తి చదివితే తప్ప బుర్రకెక్కదు.

"రేపట్నుంచి పది రోజులు, కామా, ఇరవై మాత్రలు, కామా, ఉదయం ఎనిమిదికొకటి, రాత్రి ఎనిమిదికొకటి, ఫుల్‌స్టాప్. పాలతో వేసుకోరాదు, ఫుల్‌స్టాప్. ఒక పూట మరిచిపోతే మరుపూట రెండు కలిపి వేసుకోరాదు, ఫుల్‌స్టాప్. మడమ వెనక నరం నొప్పి పుట్టినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా వెంటనే ఫోన్ చేయాలి, ఫుల్‌స్టాప్."

ప్రెస్సులోనైతే ఎదురుగా ఒకరు కూర్చుని అసలు ప్రతితో సరిచూసేవారు. ఇక్కడ ఎదురుగా ఉన్నది గోడ.

గోడవతలి వాటాకి మెట్లు వెనక వీధిలోకి ఉన్నాయి. అక్కడ ఎవరుంటారో ఆయనెప్పుడూ చూడలేదు. ఎవరైతేనేం, వాళ్లాయన అదృష్టవంతుడనుకుంటూ తన మాత్ర తానూ వేసుకున్నాడు.

రాత్రి ఎనిమిదికి మళ్లీ అదే పిలుపు. మర్నాడూ అంతే. "మంచినీళ్లు బాగా తాగండి. పాలతో మాత్రం వద్దు" అని కూడా వినిపించింది. ఆయన చేతిలోని పాలగ్లాసు కింద పెట్టేశాడు. ఊళ్లో ఉన్నదల్లా ఒక్క పెద్దాస్పత్రి. ఆ మొగుడిక్కూడా ఇదే మందు రాసి ఉంటారు. ఇంతగా అడుగుతున్నా ఆ మహానుభావుడు కిక్కురుమనడేమిటో!

రోజులు గడిచేకొద్దీ ఎనిమిదికి ఐదు నిమిషాల ముందే కుర్చీ గోడ పక్కకు లాక్కుని కూర్చోవడం అలవాటైంది. చేతిలో మాత్ర, పక్కన చెంబుడు నీళ్లు. రోజు మొత్తంలో ఆ ఇంట్లో వినబడే మనిషి మాట ఆ ఒక్కటే. ఒకసారి నోరు జారి "ఆఁ, వేసుకున్నా" అనేసి నాలుక్కరుచుకున్నాడు. అవతల "అమ్మయ్య" అని వినిపించింది. మొగుడు తలూపి ఉంటాడు.

ఆరో రోజుకి జ్వరం జాడే లేదు. ప్రెస్సులో పాత కంపోజిటరు ఫోన్ చేసి ఎలా ఉందని అడిగాడు. ఈయన నిక్షేపంగా ఉన్నానన్నాడు. మాత్ర పడితే కడుపులో తిప్పుతోందనీ, ఇక మానేసి మిగిలినవి ఇంకోసారికి దాచుకుంటాననీ చెప్పాడు. అవతలివాడు నీ ఇష్టం అన్నాడు. మాత్రల అట్ట సొరుగులోకి వెళ్లింది.

ఆ రాత్రి ఎనిమిదికి గొంతు కోపంగా వచ్చింది.

"జ్వరం తగ్గితే రోగం తగ్గినట్టేనా? సగంలో మానేస్తే లోపల మిగిలిన క్రిములు మళ్లీ లేస్తాయి. మొండికెక్కితే ఈ మందుకి కూడా లొంగవు. కడుపులో తిప్పుతుంటే డాక్టరమ్మని అడగండి. అంతేగానీ మీరే మానేయకండి."

ప్రూఫ్‌రీడరుకి నవ్వొచ్చింది. పక్కాయన కూడా తనలాంటి మొండిఘటమే. మొగుడికి పడ్డ చీవాట్లు తనకీ తగిలినట్టయి, అట్ట బయటికి తీసి మాత్ర వేసుకున్నాడు. పొద్దున్నే డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, పరగడుపున కాకుండా ఏదన్నా తిని వేసుకోమంది. కడుపు సర్దుకుంది.

ఎనిమిదో రోజు రాత్రి పిలుపు రాలేదు.

ఆయన ఎనిమిదిన్నర దాకా ఎదురుచూసి మాత్ర వేసుకున్నాడు. తెల్లారి ఎనిమిదైనా అవతల అలికిడి లేదు. చెవి గోడకానించాడు. కుర్చీ జరిగిన చప్పుడు కూడా లేదు. ఆ మొగుడు మాట వినకుండా మందు మానేశాడా? రోగం తిరగబెట్టిందా? రాత్రే ఏదైనా జరగరానిది జరిగిపోయిందా?

చేతిలోని మాత్ర నోటిదాకా వెళ్లలేదు. దాన్ని బల్ల మీద పెట్టి, చొక్కా తగిలించుకుని బయల్దేరాడు. కాళ్లలో ఇంకా సత్తువ లేదు. ప్రహరీ పట్టుకుంటూ సందు చుట్టి వెనక వీధిలోకి వెళ్లాడు. రెండుచోట్ల కూలబడుతూ మెట్లెక్కాడు. దారి పొడుగునా, ఆవిణ్ని ఓదార్చడానికి ఒక్క మాట కూర్చుకుందామని చూశాడు. జీవితమంతా ఇతరుల వాక్యాలు దిద్దిన మనిషికి సొంతంగా ఒక్క వాక్యం కుదరలేదు.

తలుపు తట్టాడు. మెడకి ఉన్నిగుడ్డ చుట్టుకున్న ఒక పెద్దావిడ తీసింది. కళ్లు నీరసంగా ఉన్నాయి.

"నేను గోడకి ఇవతల... అంటే అవతలి వాటాలో ఉంటానండీ" అన్నాడు తడబడుతూ. "మీవారికి... మీవారికి ఎలా ఉంది?"

ఆవిడ అర్థంకానట్టు చూసి, గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీని ఆయన వైపు జరిపి, బొంగురుపోయిన గొంతుతో అంది: "గొంతు పూడుకుపోయి నిన్న రాత్రి నుంచి కేకెయ్యలేకపోయానండీ, మీకింకా నాలుగు మాత్రలుండాలి, పొద్దుటిది వేసుకున్నారా?"