రేవులో డేరా

"ముందు ఆ డేరా పీకండి!"

హేమశ్రీ జిప్పు తీసి తల బయటపెట్టేసరికి ఎదురుగా తెల్లచీరలో ఒకావిడ. ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చేతిలో తువ్వాళ్ళ సంచి. వెనకాల గుండ్లకమ్మ మీద మంచు ఇంకా వదల్లేదు. ఏటి గాలి చలిచలిగా కొడుతోంది.

"ఏమైందండీ ఆంటీ?"

"ఏమయ్యేదేంటి! ఇది మా సంఘం బాప్తిస్మాల రేవు. ఇంకాసేపట్లో మా పేటంతా ఇక్కడ దిగుద్ది. ఇవాళ నా కూతురు మహిమకి బాప్తిస్మం. మూడేళ్ళ నుంచి ఇదిగో అదిగో అని తప్పించుకుని ఇన్నాళ్ళకి ఒప్పుకుంది. దాని మనసు మళ్ళీ మారకముందే అది నీళ్ళలో మునిగి లెగవాల. మీరు లెగండి!"

హేమశ్రీ భర్త సాయిగణేష్ నోట్లో బ్రష్షుతోనే బయటికొచ్చాడు.

"ఎందుకండీ అంత అరుస్తారు? వారం నుంచి తిరుగుతున్నాం మేం. ఒకచోట నది బాగుంటే ఊరు దూరం. ఇంకోచోట ఊరు పక్కనే, కానీ మురుగంతా నదిలోకే. నది ఒడ్డునే ఉండాలి, టిఫినుకి నడిచి వెళ్ళొచ్చేంత దూరంలో ఊరుండాలి. అలాంటి చోటు ఇదొక్కటే దొరికింది."

"టిఫినుకి అద్దంకి నడిచెళ్ళేవాడివి, ఆ అద్దంకిలోనే లాడ్జిలో పడుకోకపోయావా?"

"ఎక్కడ పడుకోవాలో మీరు చెప్తారా? నదేమన్నా మీ సొంతమా?"

"మరి మీ నాన్న రాయించుకున్నాడా?"

సాయిగణేష్ నురగ ఉమ్మేశాడు. "ఇంత పొడుగు ఒడ్డుంది. పక్కకెళ్ళి చేసుకోండి."

"ఎక్కడుందయ్యా ఒడ్డు? అటు తుమ్మకంప, ఇటు ఊబి. కాలు మోపే చోటు ఇదొక్కటే. దీన్నిండా మీ డేరానే! ఇద్దరు పడుకోడానికి ఇంత డేరానా? పెళ్ళిపందిరా ఇదేమన్నా?"

ఆ మాట సాయిగణేష్‌కి సరిగ్గా తగిలింది. గిర్రున భార్య వైపు తిరిగాడు.

"నేనూ అదే చెప్పా! చిన్నది చాలన్నా. వింటేనా? నిలబడి బట్టలు మార్చుకోవాలంట!"

"నువ్వు ఒక్కరోజు పడుకుని చుడీదార్ వేసుకో, తెలుస్తుంది," అంది హేమశ్రీ.

"మీ గొడవ ఇంటికెళ్ళి పడండి," అంటూ ఆవిడ వంగి ఒక మేకు లాగేసింది. డేరా ఓ మూల జారింది.

"ఏయ్! చెయ్యి తియ్యండి!" సాయిగణేష్ మేకు లాక్కుని రాయితో మళ్ళీ దిగ్గొట్టాడు. "కాసేపట్లో తీసేద్దామనుకున్నా. ఇప్పుడసలు తియ్యను. ఏం చేసుకుంటారో చేసుకోండి!"

ఇంతలో మిరప చేల గట్టు మీంచి పాట వినిపించింది. ఆడా మగా పిల్లలూ బిలబిలమంటూ రేవులోకి దిగారు. ముందు పాస్టరు జక్రయ్య.

"చూడండి పాస్టరుగారూ, ఎక్కడ పాతారో!"

"ఉండనీ దేవకుమారమ్మా. వాళ్ళ డేరా ఏరంతా తాగేస్తదా ఏంటి?"

"మీరిట్టా అనబట్టే అందరూ మన నెత్తినెక్కేది!"

పాస్టరుగారు నడుంలోతు నీళ్ళలోకి దిగారు. ముందు ఒక ముసలాయన, తర్వాత ఇద్దరు కుర్రాళ్ళు మునిగి లేచారు. ఒక్కొక్కరు ఒడ్డెక్కినప్పుడల్లా దేవకుమారి తువ్వాలు పట్టుకుని డేరా చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళేటప్పుడు ఒక తిట్టు, వచ్చేటప్పుడు ఇంకో తిట్టు. మూడోసారి కాలికి తాడు తగిలి బోర్లా పడింది. తువ్వాళ్ళన్నీ బురదలో.

"నీ డేరా తగలెయ్య! ఏం పాపం చేశానురా నీకు?"

నవ్వు ఆపుకోలేని పిల్లలు నవ్వేశారు. సాయిగణేష్‌కి ఒళ్ళు మండిపోయింది.

"చాలు! ఇక్కడ ఒక్క నిమిషం కూడా ఉండం. హేమా, సర్దు! వాడరేవు వెళ్ళి సముద్రం ఒడ్డున పడుకుందాం, అక్కడైతే చేపలు తిట్టవు!" అని కసికొద్దీ మేకులు పీకడం మొదలుపెట్టాడు.

అప్పుడే మహిమ వంతు వచ్చింది. తెల్ల డ్రెస్సులో నీళ్ళలోకి దిగింది, మునిగింది, లేచింది. అందరూ స్తోత్రం అన్నారు. తడిసిన బట్ట ఒంటికి అతుక్కుపోయింది. మహిమ గబుక్కున మళ్ళీ మెడదాకా నీళ్ళలో కూర్చుండిపోయింది.

"రావే, చలి!" అంది దేవకుమారి.

మహిమ రాలేదు. తల అడ్డంగా ఊపింది. చూపు రేవుకి పైనున్న రోడ్డు వంతెన వైపే ఉంది.

ఇద్దరాడవాళ్ళు అడ్డంగా చీర పట్టుకున్నారు. ఏటి గాలి దాన్ని ఎగరేసి వాళ్ళ మొహాలకే చుట్టింది. మళ్ళీ పట్టుకున్నారు. మళ్ళీ ఎగిరింది.

దేవకుమారి వంతెన వైపు తిరిగింది. బైకులు ఆగి ఉన్నాయి. మూడేళ్ళుగా కూతురు నోరు విప్పి చెప్పని కారణం అక్కడ వరసగా నిలబడి ఉంది, ఫోన్లు ఎత్తి పట్టుకుని.

"ఒరేయ్, మీ ఇళ్ళల్లో ఆడోళ్ళు లేరంట్రా!" ఆవిడ గొంతు ఏరు దాటింది. ఒక్క ఫోనూ కిందికి దిగలేదు.

గాలికి ఎగిరే చీర వైపు చూసింది. నీళ్ళలో వణుకుతున్న కూతురి వైపు చూసింది. ఆ తర్వాత విసురుగా వెనక్కి తిరిగి బురద కాళ్ళతో ఒడ్డెక్కి పరిగెత్తింది. ఆఖరి మేకు లాగుతున్న సాయిగణేష్ చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆయాసంతో రొప్పుతూ అరిచింది:

"ఎవరయ్యా నిన్ను డేరా పీకమంది?"