అడుగున ఉన్న పేరు

రామ్‌దాస్ కొడుకు పెళ్ళి పందిట్లోకి వెళ్ళేలోపు రుక్మాబాయికి చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. మేకను కట్టెయ్యాలి. చెరకు నరికిన చేతులకు నూనె రాసుకోవాలి. పెళ్ళీడుకొచ్చిన కొడుక్కి ఉతికిన అంగీ తొడిగించాలి. రెండు రోజుల కూలి, ఆ రెండు రూపాయల నోటును ఎవరికీ కనబడకుండా గుప్పిట్లో పెట్టుకోవాలి.

భూమి రాయించుకుని అప్పులిచ్చే పటేల్ మనిషి ముఖం చూడకుండా లోపలికి పోవాలి.

అది మాత్రం కుదరలేదు. అతను పందిరి గుంజకు ఆనుకుని ఉన్నాడు. చేతిలో కాగితాలు, సిరాడబ్బీ.

"యాభై కావాల్నా రుక్మాబాయీ? నీ ఎకరం రాసిస్తే సాలు."

"నా దగ్గరున్నయి," అంది.

అది 1966. చందూరు దగ్గరి ఆ తండాలో, పెళ్ళికొచ్చినవాళ్ళు పళ్ళెంలో వేసే కట్నాలను తండా పెద్ద నాయక్ పేరుపేరునా గట్టిగా చదివేవాడు. అందరికన్నా తక్కువ వేసిన ఇంటి పేరును చివర్లో మూడుసార్లు పిలిచేవాడు. ఇక ఆ ఇంటికి పిల్లనెవరూ ఇవ్వరు. ఆ భయంతో చేసిన అప్పుల కిందే ఎన్నో ఎకరాలు పటేల్‌వి అయ్యాయి.

మూడేళ్ళుగా ఆ చివరి పేరు దేవిదాస్‌దే. మంజీర అవతలి నుంచి వచ్చి, బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరకుబండి తోలే ఒంటరి ముసలాయన. పిలవకుండానే వచ్చేవాడు. ఒక్క రూపాయి వేసేవాడు. కడుపునిండా తినేవాడు.

"రూపాయి కాకా వచ్చిండు! బువ్వగంప దాసుండ్రి!" ఎవరో అరిచారు.

అందరూ నవ్వారు. రుక్మాబాయి కూడా.

పెళ్ళికొడుకు తండ్రి రామ్‌దాస్ నవ్వలేదు.

"ఎడ్లకు కొత్త గజ్జెలు కొంటవు. నా కొడుకు పెండ్లికి రూపాయా?"

"బువ్వ పెట్టకున్నా మంచిదే బేటా. నా పేరు మాత్రం సదివియ్యి."

"నీ పేరు నా పందిట్ల ఇనబడొద్దు. లే!"

ఆయన పళ్ళెంలో వేసిన రూపాయిని తీసి బయటికి విసిరేశాడు. ముసలాయన రుక్మాబాయి గుప్పిటవైపు చూసి ఏదో అనబోయాడు. రామ్‌దాస్ మెడపట్టి తోశాడు.

"మంచిగైంది," అంది రుక్మాబాయి, పక్కనున్న తారాబాయితో. "సిగ్గులేని మనిషి."

బండి వెళ్ళిపోయింది. నాయక్ చదవడం మొదలుపెట్టాడు.

"లింబాద్రి, ఇరవై! ముత్తన్న, పదిహేను! తారాబాయి, పది!"

తర్వాత పదకొండు. మళ్ళీ పది. అంతకన్నా కిందికి ఎవరూ దిగలేదు.

రుక్మాబాయి గుప్పిట్లో నోటు చెమటకు తడిసింది. వెనక్కి తిరిగి చూసింది. రూపాయి వేసేవాళ్ళెవరూ లేరు.

కొడుకు ముఖం చూసింది. లేచి బయటికి నడిచింది.

పటేల్ మనిషి అప్పటికే సిరాడబ్బీ మూత తీసి ఉంచాడు.

"ముసలోడు పోయిండు గద, ఇగ నువ్వొస్తవనుకున్న," అన్నాడు ఆమె బొటనవేలు పట్టుకుని. "వాడు అడుగునుండబట్టి మూడేండ్ల సంది ఈ తండల ఒక్క ఎకరం దొరకలె. పెండ్లిండ్లకు పోకురా, వంద ఇస్తనని పటేలే పిలిచి అడిగిండు. తీసుకోలె."

ఎక్కడైనా కట్నాలు చదువుతుంటే మీ చెవిన పడితే, అందరి పేర్ల కిందా తన పేరును పరిచి మూడేళ్ళు ఒక తండా భూమిని కాపాడిన చెరకుబండి దేవిదాస్‌ను ఒక్కసారి తలుచుకోండి.