గాలి చూసి నిప్పు

"ఒక్క ముక్కలో క్షమించండి అంటే అయిపోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకు, ఆల్విన్?" అంది అధ్యక్షురాలు బెరిల్, గోడ గడియారం వంక చూసుకుంటూ.

ఆల్విన్ ట్రెలోర్ లేచి నిలబడ్డాడు. బార్లీ పండించే రైతు, డెబ్బై దాటాయి. ఊళ్లో ఈ పార్టీ సంఘం పెట్టిన నలుగురిలో మిగిలింది ఆయనొక్కడే. ఇవాళ క్షమాపణ చెబితే సభ్యుడిగా ఉంటాడు, లేకపోతే వెలి. ఆయన చేసిన నేరమల్లా ఒకటే. ఊరి పత్రికవాళ్లు అడిగితే, సంఘమంతా మండిపడుతున్న కోర్టు తీర్పు నాకూ నచ్చలేదు గానీ పాటించాల్సిందేనని చెప్పాడు.

ముందు వరసలో డార్సీ కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు. మెడ దాకా పచ్చబొట్లు, చొక్కా మీద బిగించిన పిడికిలి బొమ్మ. అతనూ అతని జట్టూ సంఘంలో చేరి ఏడాది కాలేదు, అప్పుడే హాలంతా వాళ్లదైపోయింది. రాజధాని కాన్‌బెరాలో పార్లమెంటూ, కోర్టులూ అన్నీ కుళ్లిపోయాయనీ, మొత్తం కూలగొట్టి మొదటినుంచి కట్టాలనీ అప్పటిదాకా దంచాడు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

"జనం కడుపు మండిపోతుంటే నెమ్మది నెమ్మది అంటావేంటి తాతా? నీకు భయం," అన్నాడు చివరికి.

"భయమే బాబూ. ఎందుకో చెప్తా, విను."

ఆయన చెప్పింది తన అన్న రెక్స్ గురించి. కోత అయ్యాక పొలంలో మిగిలిన కొయ్యకాళ్లు తగలబెట్టడం ఆ చుట్టుపక్కల ప్రతి రైతూ చేసే పనే. మంట పక్క పొలాలకి పాకకుండా ముందు చుట్టూ అంచు దున్ని, నీళ్ల బండి పక్కన నిలబెట్టుకుని, గాలి చూసి అంటిస్తారు. రెక్స్‌కి ఓపిక తక్కువ. ఆ ఏడు అంచు దున్నకుండానే అగ్గిపుల్ల గీశాడు. గాలి మళ్లింది. పక్క పొలం రైతు కాలిన్ వాళ్ల గొర్రెలన్నీ మాడిపోయాయి. వాటిని తోలుకురావడానికి పరుగెత్తిన రెక్స్ తిరిగి రాలేదు.

"కాల్చొద్దని నేనెప్పుడూ అనలేదు," అన్నాడు ఆల్విన్. "పాడైంది మార్చాల్సిందే, నాకు తెలీదా? కానీ ఆ కోర్టూ, ఆ ఓటూ మన ముందువాళ్లు కష్టపడి దున్నిపెట్టిన అంచులు. వాటిని చెరిపేసి నిప్పు పెడతానంటే మాత్రం నేను అడ్డం పడుకుంటా."

ముసలాయన పొలం కబుర్లతో దేశాన్ని నడిపేస్తాడట అంటూ డార్సీ నవ్వాడు. వెనక కొందరు తోడు నవ్వారు. ఆల్విన్‌కి ఒళ్లు మండింది. ఈ హాలు కప్పు మీదికి రేకులు మోసింది ఆయన భుజాలే. అప్పటికి డార్సీ పుట్టనే లేదు.

"క్షమాపణ లేదు. పత్రికవాళ్లు రేపు మళ్లీ అడిగినా అదే చెప్తా. ఓటు పెట్టు బెరిల్. చెయ్యెత్తేవాళ్లు నా మొహం చూసి ఎత్తండి."

చేతులు లేచాయి. నేల చూపులు చూస్తూ, కాస్త ఆలస్యంగా, కాలిన్ చెయ్యి కూడా లేచింది. అది మాత్రం ఆల్విన్‌కి గుండెల్లో గుచ్చుకుంది. హాలు మొత్తం మీద ఆయన భార్య లోర్నా ఒక్కతే చేతులు కట్టుకుని కూర్చుంది.

ఓటింగ్ అయ్యాక ఆవిడ లేచి, అందరి కోసం తెచ్చిన మాంసం కూరి కాల్చిన పేస్టీల పళ్లెం మీద గుడ్డ కప్పి చంకన పెట్టుకుంది.

"మనవి మనం పట్టుకుపోదాం పద. వీళ్లకి పెట్టింది చాలు."

ఆల్విన్ తలెత్తుకుని, ఎవరికోసమూ పక్కకి తప్పుకోకుండా, నడవ మధ్యలోంచే గుమ్మం వైపు నడిచాడు. ఆయన గడప దాటేలోపే బెరిల్ గొంతు సవరించుకుని తీర్మానం ప్రకటించింది.

"మన సంప్రదాయవాద పార్టీలో ఇలాంటి వామపక్షం వాళ్లకి చోటు లేదు."