మసక వీడిన కొద్దీ

“కన్ను తెర్వు బిడ్డా. గట్లా మూస్తే మందంతా చెంపకే పోతది,” అంది నాయనమ్మ జములమ్మ.

గీత కన్ను తెరిచింది. చుక్క చల్లగా పడింది. తుడుచుకోబోయి, డాక్టరు వద్దన్న సంగతి గుర్తొచ్చి చేయి దించేసింది.

కళ్లకు లేజర్ ఆపరేషన్ జరిగి అది మూడో రోజు. పోలీసు కొలువుకు కళ్లద్దాలు అడ్డమని హైదరాబాదు వెళ్లి చేయించుకుంది. చూపు తేటపడటానికి వారం పడుతుందన్నారు. ప్రస్తుతానికి కళ్లలో ఇసుక పోసినట్టుంది. ఎటు చూసినా పొగ. ఇది ఇలాగే నిలిచిపోతే? ఆ ఆలోచన వస్తే చాలు, కళ్ల ముందు చేయి పెట్టుకుని వేళ్లు లెక్కపెట్టేది.

“అవ్వా, ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఎవరో నిలబడ్డరు. నిన్న గూడ ఉండె.”

జములమ్మ కిటికీలోంచి రోడ్డు అవతలికి చూసింది.

“ఎవ్వరు లేరు. మందు మసక గది,” అని కిటికీ రెక్క మూసేసింది.

రోజూ పొద్దున్నే గీత ఒక కన్ను మూసి, గోడ మీది క్యాలెండర్ చదివేది. నాలుగో రోజు పెద్ద అంకెలు కనబడ్డాయి. ఐదో రోజు వాటి కింద తిథులు, నక్షత్రాలు కూడా కనబడ్డాయి. సంతోషంతో కిటికీ తెరిచింది.

మసకతో పాటే పోవలసిన మనిషి పోలేదు. మొన్న ఆకుపచ్చని మరకలా ఉన్నది, ఇవాళ చీర కట్టుకున్న ఆడమనిషి అయింది. చేతిలో గుడ్డసంచి. ముఖం మాత్రం ఇంకా తెలియడం లేదు. ఇంటివైపే చూస్తోంది.

“నాయినా, జర పోయి చూసి రా,” అంది గీత.

తిమ్మప్ప కండువా భుజాన వేసుకుని వెళ్లాడు. అతని వీపు చాటున ఆమె కనబడకుండా పోయింది. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. అతను తిరిగొచ్చేసరికి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎవరూ లేరు.

“ఎవరు నాయినా?”

“ఎవరు లేరు బిడ్డా.”

“మరి గంత సేపు ఏం జేసినవు?”

“బీడీ తాగిన.”

అతని దగ్గర బీడీ వాసన రాలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో జములమ్మ గొణగడం వినబడింది. “ఈ ఆపరేషన్ ముచ్చట దానికి ఎవరు చెప్పిన్రో ఏమో.” ఆపరేషన్ చేయించుకున్నందుకు తననే తిడుతోందని గీత అనుకుంది. దవాఖానకు ఫోన్ చేసింది.

“దీపాల చుట్టూ వలయాలు కనబడతాయమ్మా, కొన్నాళ్లు మామూలే,” అంది నర్సు.

“లేని మనుషులు కనబడతరా?”

“అట్లా కనబడరమ్మా. వారానికి వస్తారుగా, డాక్టరుగారితో చెప్పండి.”

ఆరో రోజు ముఖం కనబడింది.

గీత ఆ ముఖాన్ని ఎరుగును. అది ఇంట్లో, గోడ మీద, ప్లాస్టిక్ దండ వేసిన ఫొటోలో ఉంది. తల్లి లలిత. గీతకు మూడేళ్లప్పుడు గద్వాల దగ్గరి సొంతూళ్లో పాము కరిచి చనిపోయిందని జములమ్మ చెప్పేది. ఆ తర్వాతే తిమ్మప్ప తల్లినీ బిడ్డనూ తీసుకుని, ఎవరూ తెలియని పాన్‌గల్‌కు వచ్చి కౌలు సేద్యంలో స్థిరపడ్డాడు.

ఫొటోలో ఉన్న ముఖమే. గడ్డం మీద పుట్టుమచ్చ కూడా అదే. తేడా ఒక్కటే.

“అవ్వా, చచ్చిపోయినోళ్ల ఎంటికలు గూడ తెల్లబడ్తయా?”

జములమ్మ వినబడనట్టే వంటింట్లోకి వెళ్లిపోయింది. సాయంత్రానికి గోడ మీద ఫొటో లేదు.

“దండకు దుమ్ము పట్టింది, కడుగుదామని తీసిన,” అంది. గీత వైపు చూడకుండానే, “దవాఖానల ఇచ్చిన ఆ ప్లాస్టిక్ కంటి మూతలు పగలు గూడ పెట్టుకో బిడ్డా. కండ్లకు మంచిది,” అని అంది.

డాక్టరు వాటిని పడుకునేటప్పుడే పెట్టుకోమన్నాడు. అయినా గీత పెట్టుకుంది. చూపు పోతుందేమోనని మొన్నటి దాకా భయపడ్డ పిల్ల, ఇప్పుడు చూడటానికి భయపడింది.

మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. జములమ్మకు జ్వరం రావడంతో తిమ్మప్ప ఆగిపోవలసి వచ్చింది. గీతను బండి మీద తెచ్చి వనపర్తి బస్సెక్కించాడు.

“ఎటు చూడకు. కండ్లు మూసుకుని కూసో. వనపర్తిల హైదరాబాదు బస్సెక్కి ఫోన్ చెయ్యి,” అన్నాడు.

బస్సు ఊరు దాటింది. గీత ఎండకు పెట్టుకున్న నల్లద్దాలు తీసింది. చేలల్లో ఒక్కో ఆకూ విడివిడిగా కనబడుతోంది. పుట్టి బుద్ధెరిగాక కళ్లద్దాలు లేకుండా లోకాన్ని ఇంత స్పష్టంగా ఆమె చూడలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

మలుపు దగ్గర బస్సు ఆగింది. ఆకుపచ్చ చీర మనిషి ఎక్కింది.

ఎవరూ తలెత్తి చూడలేదు. ఎవరూ పక్కకు జరగలేదు. కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న ముసలాయన, ఫోను చూసుకుంటున్న టీచరమ్మ, ఎవరి లోకంలో వాళ్లున్నారు. ఆమె వాళ్ల మధ్య నుంచి చప్పుడు లేకుండా వచ్చి, సరిగ్గా గీతకు ఎదురుసీట్లో కూర్చుంది. చేతులకు పగుళ్లు. గడ్డం మీద ఆ పుట్టుమచ్చ.

గీత వేళ్లు సీటు కడ్డీని బిగించి పట్టుకున్నాయి. అరుద్దామనుకుంది.

“కండ్లు బాగయినయా బిడ్డా?” అందామె, గీతకు మాత్రమే వినబడేంత మెల్లగా.

గీత కళ్లు గట్టిగా మూసుకుంది. ఇది మందు మసక. ఇది మనసులో భయం. అవ్వ చెప్పింది, నాయిన చెప్పాడు, అక్కడ ఎవరూ లేరు. పదిదాకా లెక్కపెట్టి తెరిచింది.

ఆమె అక్కడే ఉంది. ఏడుస్తోంది.

టికెట్ల మిషన్ పట్టుకుని కండక్టరు ఒక్కో సీటూ దాటుకుంటూ వచ్చి, ఆమె ముందు ఆగాడు.

“అమ్మా, ఫ్రీ టికెట్ కొట్టాలె, నీ ఆధార్ కార్డు చూపెట్టు.”