ఎర్ర టిక్కులు

"తూర్పు గోడ అవతల ఇళ్ళు ఎన్నున్నాయయ్యా?" అన్నారు క్లబ్బు ప్రెసిడెంటుగారు, కిటికీలోంచి ఖాళీ మైదానాన్ని చూస్తూ.

"ఆరండీ. ఆరూ క్లబ్బు స్థలంలోవే. చివరిది మన టికెట్టమ్మది," అన్నాడు సెక్రటరీ.

టికెట్టమ్మ అంటే ఇరవై రెండేళ్ళుగా టికెట్ల కిటికీ వెనక కూర్చుంటున్న మనిషి. అసలు పేరు జీతాల పట్టీలో ఉంది గానీ, దాంతో ఎవరికీ ఎప్పుడూ పనిపడలేదు.

ఆ ఫుట్‌బాల్ క్లబ్బు స్టేడియంలో ఎనిమిది వేల సీట్లు. ప్రతి ఆటకీ నిండిపోతున్నాయి. సీజన్ టికెట్టు కోసం పేరు రాయించుకుని కూర్చున్నవాళ్ళు ఇంకో పద్దెనిమిది వందల మంది. ఆ ఆరిళ్ళూ తీసేస్తే రెండు వేల సీట్ల కొత్త స్టాండు కట్టొచ్చు. కట్టాలా వద్దా అని కమిటీ రెండేళ్ళుగా బిస్కెట్లు తింటూ ఆలోచిస్తోంది.

"పేరు రాయించుకోవడానికేం, నేనూ ఓసారి కరాటే క్లాసులో రాయించుకున్నా," అన్నారు ప్రెసిడెంటుగారు. "ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగించు. పదిహేను వందల మంది ఇప్పటికీ కావాలంటేనే కడదాం. కట్టాక సీట్లు ఖాళీగా ఉన్నాయనుకో, అన్నిట్లోనూ నిన్నే కూర్చోబెడతా. ఆనక తీరిగ్గా వేరే ఉద్యోగం వెతుక్కుందువుగాని."

చిక్కంతా ఆ రిజిస్టరుతోనే. అంతా టికెట్టమ్మ చేతిరాత. అంకెలైతే ఎవరైనా పోల్చుకుంటారు గానీ, అక్షరాలు ఆవిడకి తప్ప కొరుకుడు పడవు.

"ఇల్లు పోయే మనిషి చేతే లెక్క తేల్చమనడం..." నసిగాడు సెక్రటరీ.

"అందుకేగా నువ్వున్నది. ఓ కన్నేసి ఉంచు."

టికెట్టమ్మ అంతా విని కళ్ళజోడు సర్దుకుంది. "కావాలన్నవాళ్ళకి పచ్చ టిక్కు, వద్దన్నవాళ్ళకి ఎర్ర టిక్కు పెడతాను. సరేనా సార్?"

"సరేనమ్మా."

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఇళ్ళు పోయినవాళ్ళకి క్లబ్బు ఫ్లాట్లు ఇస్తుందంటున్నారు. వాటిలో వంటిల్లు విడిగా ఉంటుందాండీ?"

"ఉంటుందమ్మా."

సెక్రటరీకి ప్రాణం ఉసూరుమంది. పాపం, అప్పుడే మనసు రాయి చేసుకుంటోంది.

మూడు వారాలు ఆవిడ గదిలోంచి ఫోను మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. మధ్యమధ్యలో "అయ్యో, ఎప్పుడండీ?" అన్న పరామర్శలు కూడా. కబుర్లు తగ్గిస్తే పని ఇంకో వారం ముందే అయ్యేదని సణుక్కున్నాడు సెక్రటరీ.

ఆ మధ్యలోనే ఓ వానరోజు, కొలతల కోసం టేపు పట్టుకుని ఆ ఆరో ఇంటికి వెళ్ళాడు. ఉన్నది ఒకటే గది. సగం అత్తగారి మంచానిది. ఓ మూల, తెర వెనక పొయ్యి. బంతి తగిలి పగిలిన పెంకులోంచి నీళ్ళు కారుతుంటే కింద బకెట్టు.

"ఇరవై ఏళ్ళుగా నా కొడుకు ఇల్లు మారదాం, ఇల్లు మారదాం అని ఒకటే పోరు," అంది అత్తగారు మంచం మీంచే. "ఈ కప్పు కూలితే తప్ప గడప దాటనని చెప్పేశా. నీ టేపు చుట్టుకుని నడు నాయనా!"

"ఊరుకోండి అత్తయ్యా. లెక్క ఎలా తేలితే అలా అవుతుంది. మధ్యలో సార్ ఏం చేస్తారు?" అంటూ టికెట్టమ్మ, అటు చూడకుండానే, కాలితో బకెట్టుని జానెడు పక్కకి జరిపింది. నీటిచుక్క సరిగ్గా అందులోనే పడింది.

రిజిస్టరు తిరిగొచ్చింది. పచ్చ టిక్కులు పదహారు వందల పది, ఎర్రవి నూట తొంభై.

సెక్రటరీ తెలివైనవాడు. ఇల్లు నిలబెట్టుకోవాలనుకునే మనిషి మోసం చేస్తే ఎక్కడ చేస్తుంది? ఎర్ర టిక్కుల్లోనే. కావాలన్నవాళ్ళని కూడా వద్దన్నట్టు రాసుంటుంది. అందుకని తలుపు గడియ పెట్టుకుని, రెండు రోజులపాటు నూట తొంభై మందికీ తనే ఫోన్ చేశాడు.

"కీళ్ళ నొప్పులండీ, ఆ మెట్లు ఎక్కలేను," అన్నాడొకాయన.

"మా ఆవిడ చంపేస్తుందండీ," అన్నాడింకొకాయన గొంతు తగ్గించి.

నూట తొంభై మందీ వద్దనే అన్నారు. ఒక్క ఎర్ర టిక్కు కూడా అబద్ధం కాదు. సెక్రటరీ సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆ సంగతే కమిటీలో ఒప్పేసుకున్నాడు. "సొంత గూడు పోతుందని తెలిసి కూడా ఈవిడ ఒక్క అంకె అటూ ఇటూ చెయ్యలేదండీ," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రెసిడెంటుగారైతే లేచి నిలబడి మరీ కొట్టారు. స్టాండు కట్టాలని తీర్మానం అయిపోయింది.

"నా పని నేను చేశానండీ," అని టికెట్టమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

ఇళ్ళు కూల్చే రోజు సెక్రటరీ సాయం చేద్దామని తొమ్మిదింటికే వెళ్ళాడు. చేయడానికేం మిగల్లేదు. అత్తగారు వ్యాను ముందు సీట్లో కూర్చుని ముక్కు చీదుతోంది. వెనక అట్టపెట్టెలన్నీ ఎక్కేశాయి. ఒక్కోదాని మీదా 'వంటిల్లు', 'అత్తయ్య మందులు' అని, ఆశ్చర్యం, ఎవరికైనా అర్థమయ్యే అక్షరాల్లో రాసి ఉంది.

"రెండు రోజుల పని పొద్దున్నే ఎలా అవగొట్టారమ్మా?"

"ఎప్పటికైనా తప్పదు కదండీ," అంది ఆవిడ.

పదింటికల్లా ఆరో ఇల్లు నేలమట్టమైంది.

ఇక వెనక్కి పోయేది లేదు గనక, సెక్రటరీ ఆఫీసుకొచ్చి రిజిస్టరు తెరిచాడు. పదహారేళ్ళుగా సీటు కోసం కాచుకుని ఉన్న ఒకటో నంబరు మనిషికి శుభవార్త తన నోటితోనే చెప్పాలని ముచ్చటపడ్డాడు. మొట్టమొదటి పచ్చ టిక్కు అది. ఫోనెత్తింది ఎవరో ఆడమనిషి.

"క్లబ్బు సెక్రటరీనమ్మా! మీ ఇంట్లో సీజన్ టికెట్టుకి పేరు రాయించుకున్న పెద్దాయన్ని పిలవండి. కొత్త స్టాండులో మొదటి సీటు ఆయనదే!"



"నాన్నగారు పోయి ఆరేళ్ళయిందని మీ టికెట్టమ్మగారికి అప్పుడే చెప్పానే!"