అనుమతి లేదు

"నాలుగు రోజులుగా ఒక్క విడుదల కాగితం రాలేదంటే, కోర్టులన్నీ మూసేశారా మాస్తర్?" జైలర్ నింబాళ్కర్ గుమ్మంలో నిలబడి గద్దించాడు.

శ్రీపాద్ మాస్తర్ కంప్యూటర్ తెర మీంచి కళ్ళు తిప్పలేదు. నాలుగున్నర అయింది. ఆరింటికి లాకప్, బ్యారక్‌లకు తాళాలు పడతాయి. ఆ తర్వాత కాగితం వచ్చినా ఆ రోజుకు ఎవరినీ వదలరు.

ఖైదీ గణపత్ మానే భార్య సివిల్ ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉంది. సోమవారమే బెయిల్ ఇచ్చామని కోర్టు అంటోంది. మాకేం రాలేదని జైలు అంటోంది. ఇవాళ గురువారం. రేపటి వరకూ ఉంటుందని చెప్పలేమని డాక్టర్లు చేతులెత్తేశారు.

"గణపత్ మూడు రోజులుగా జొన్న భాకరీ ముక్క ముట్టలేదు సాహెబ్," అన్నాడు మాస్తర్. "రాత్రంతా గోడకేసి తల కొట్టుకుంటున్నాడు."

"నాకు చెబుతావేం? ఆ పెట్టెకు చెప్పు."

ఆ పెట్టె సంగతి ఇదీ. రోజూ పొద్దున పదింటికి, ఎవరూ మీట నొక్కకుండానే, సర్వర్ కోర్టుల నుంచీ ముంబై సర్కారు నుంచీ వచ్చిన విడుదల ఉత్తర్వులు దించుకుని తిన్నగా జైలర్ ఫోల్డర్‌లో వేస్తుంది. సోమవారం నుంచి మాత్రం పదయ్యేసరికి తెర మీద ఒకటే మాట. అనుమతి లేదు.

మాస్తర్ గడియారం సరిచూశాడు. వైరు పీకి మళ్ళీ పెట్టాడు. సర్వర్‌ని ఆపి లేపాడు. అదే మాట. తల ప్రాణం తోకకొచ్చింది.

"ఒక్కసారి ఫోన్ ఇప్పిస్తే నెట్‌లో చూస్తాను."

పక్కనే స్టూలు మీద కూర్చున్న హవల్దార్ ఘోర్పడే నవ్వాడు. "గేటు దాటి ఫోన్ లోపలికొస్తే నా టోపీ ఎగిరిపోతుంది. బుర్ర వాడవయ్యా! కాలేజీలో పిల్లలకేం చెప్పేవాడివి మరి?"

ఐదూ పదికి లోపం దొరికింది.

"సాహెబ్, ఈ పని ఎవరి పేరు మీద నడుస్తోందో చూడండి. మన గుమాస్తా దేవధర్ బాబు."

"దేవధర్ శనివారమే బదిలీ మీద వెళ్ళిపోయాడుగా?"

"వెళ్ళాడు. రూలు ప్రకారం ఆ సాయంత్రమే మీ సంతకంతో కంప్యూటర్‌లో ఆయన పేరు మూసేశాం. పేరుతోపాటు అనుమతీ పోయింది. ఇది రోజూ లేని మనిషి పేరు చెప్పి తలుపు తడుతోంది."

నింబాళ్కర్ మొహం మాడిపోయింది. "ఇప్పుడేం చెయ్యాలి?"

"మీ పేరు మీదకు మార్చాలి."

"నా పేరా? రేపేదైనా తేడా వస్తే నా మెడకు చుట్టుకుంటుంది!"

"అసలైతే మనిషి పేరు మీద పెట్టకూడదు సాహెబ్, ఆఫీసు పేరు మీద పెట్టాలి. మనుషులు వెళ్ళిపోతారు. అదంతా నెమ్మదిగా చేద్దాం. ముందు గణపత్..."

జైలర్ గడియారం వంక చూశాడు. కుర్చీ లాక్కున్నాడు. "పాస్‌వర్డ్ నేనే కొడతా. ఇద్దరూ గోడవైపు తిరగండి."

రెండుసార్లు తప్పు కొట్టాడు. మూడోసారి టోపీ లోపల అంటించుకున్న చీటీ చూసి కొట్టాడు. ఘోర్పడే నవ్వాపుకోలేక దగ్గాడు.

మాస్తర్ పనిని మళ్ళీ నడిపించాడు. తెర ఒక్క క్షణం ఆగింది. 'పూర్తయింది. వచ్చినవి: 5.'

అవి ఎవరివో మాస్తర్‌కు కనిపించదు. ఆ ఫోల్డర్ తెరిచే అధికారం జైలర్ ఒక్కడికే ఉంది.

నింబాళ్కర్ తన గదిలోకి పరుగెత్తాడు. ప్రింటర్ గరగరలాడింది. కాసేపటికి వరండాలో కేక వినిపించింది. "గణపత్ మానే! సామాను సర్దుకో!"

ఆరుకి పది నిమిషాలుండగా గణపత్ చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాటాడు. కిటికీలోంచి చూస్తున్న మాస్తర్ కళ్ళు తుడుచుకున్నాడు. గణపత్ వెనకాల ఇంకొకడు, ఇంకొకడు, మరొకడు. గేటు మూసుకుంది.

"ఐదు వచ్చాయి కదా సాహెబ్?" జైలర్ తిరిగి రాగానే అడిగాడు మాస్తర్. "నలుగురే వెళ్ళారు."

"ఒకదాంట్లో పేరు తప్పు పడింది. వెనక్కి పంపి సరిచేయించాలి. టైం పడుతుంది."

"అయ్యో, ఎవరి ఖర్మో పాపం."

నింబాళ్కర్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఎన్నడూ వెయ్యలేదు. "నువ్వు లేకపోతే ఈ ఆఫీసు ఒక్కరోజు కూడా నడవదు మాస్తర్. ఒరే ఘోర్పడే, మాస్తర్‌కి మంచి చహా తెప్పించు. అల్లం వేయించు."

ఆరు గంట కొట్టగానే శ్రీపాద్ మాస్తర్ చహా గ్లాసు కింద పెట్టి, మూడో బ్యారక్ ఖైదీల లెక్కలో ముప్పై ఏడోవాడిగా వెళ్ళి కూర్చున్నాడు. జైలర్ తాళం వేసుకున్న సొరుగులో, ఐదో విడుదల కాగితం మీద అతని పేరు ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉంది.